ఉత్త ఫ్లాష్

మేడ్చల్,
3 సెప్టెంబర్ 2011

చిన్నాయనకు వినోద దండాలు.

నీకు ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అని పెట్టేస్తావు. మెసేజ్ పంపుదామంటే మీ కొడుకు పరమేశ్ ఫోన్‌లో తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయట. ఇంటికొచ్చి చెబుదామంటే నేను నీ చెవిలో అరవాలి, శామీర్‌పేట సగం ఊరు వినాలి. అందుకే ఈ ఉత్తరాల పద్ధతే మనకు బాగుంది. పదిహేను కిలోమీటర్ల దూరానికి ఉత్తరాలు రాసుకునేది మనిద్దరమేనని పోస్ట్‌మాన్ నవ్వుతున్నాడు. నవ్వనీ.

సంగతేమిటంటే, స్టూడియో కంప్యూటర్‌లో ఫొటోల సాఫ్ట్‌వేర్ మార్పించాను. నాలుగేళ్లుగా వాడుతున్నదే, కొత్త వర్షన్. కలర్ ల్యాబ్ మధుసూదన్ వచ్చి వేసిపోయాడు. పోతూ పోతూ "మేడమ్, ఇగ మీరేం జెయ్యనక్కర లేదు, అంతా గదే జేస్తది" అన్నాడు. అది మొదటి రోజు చేసిన పని నన్ను ఏడిపించడం. కండ్లకోయ పెండ్లిళ్లు, బహదూర్‌పల్లి పెండ్లిళ్లు అని ఊరూరికీ వేరుగా పెట్టుకున్న ఫోల్డర్లన్నీ మాయం. అన్నింటినీ తేదీల వరసలో ఒకే చాంతాడులా పరిచింది. నీ పాత నెగెటివ్‌లు నేను రెండేళ్లుగా స్కాన్ చేస్తున్నాను కదా, అవన్నీ స్కాన్ చేసిన తేదీలో వచ్చి కూచున్నాయి. ఎప్పుడో ఎనభై ఏడులో పెండ్లయిన జంట, మొన్న శ్రావణంలో పెండ్లయిన జంట పక్కపక్కనే.

ఇక దిద్దడం సంగతి. ఒక్క బటన్ నొక్కితే వెలుతురు, రంగు అన్నీ అదే సరిచేస్తుంది. కానీ దాని దృష్టిలో సరిచేయడమంటే తెల్లగా చేయడం. కుర్మయ్య తాత ఫొటో దిద్ది ఇస్తే వాళ్ల కోడలు తిప్పి తిప్పి చూసి, "గీయన ఎవలక్కా?" అంది. మళ్లీ చేత్తో నల్లగా చేసి ఇచ్చాను.

ఒక్కటి మాత్రం వింతగా ఉంది. ఇది ముఖాలను పట్టుకుంటుంది. ప్రతి ముఖం చుట్టూ చతురస్రం గీసి ఎవరని అడుగుతుంది. ఒకసారి పేరు కొడితే చాలు, మిగతా ఫొటోలన్నీ వెతికి "ఈయన ఫలానాయేనా?" అని అవును, కాదు అని రెండు బటన్లు పెడుతుంది. పెండ్లి ఇంటి అద్దంలో కెమెరాతో నిలబడ్డ నిన్ను కూడా పట్టుకుంది. నువ్వు తీసిన ఒక బర్రె ఫొటో ఉంది చూడు, కొమ్ములకు పసుపు రాసినది, దాని ముఖానికీ చతురస్రం గీసి ఎవరంది. ఎంత నవ్వానో.

గోడ మీది అమ్మ ఫొటోను కూడా స్కాన్ చేశాను. దాని కింద "అమ్మ" అని కొట్టాను. నాకు మూడేళ్లప్పుడు పోయిన మనిషి, నువ్వు తీసిన ఆ ఒక్క ఫొటో తప్ప ఇంకోటి లేదు. అది మాత్రం దేనితో పోల్చుకుంటుంది పాపం. పేరు పక్కన 1 అని వేసి ఊరుకుంది. ఇరవై ఏడున పెత్రమాస. ఈసారి కొత్త ఫ్రేమ్ కట్టించి దాని ముందు ఆకు వేసి అమ్మకు అన్నం పెడతాను. పాత అద్దానికి చెమ్మ పట్టింది.

మందులు వేసుకుంటున్నావా?
నీ బిడ్డ,
వినోద


శామీర్‌పేట,
7 సెప్టెంబర్

చిరంజీవి వినోదకు చిన్నాయన దీవెనలు.

ఉత్తరం అందింది. మందులు వేసుకుంటున్నాను. చెవిలో రైలు పోతున్నట్టు చప్పుడు మాత్రం తగ్గలేదు. లోకంలో ఏ మోత వినిపించదు గాని, లేని రైలు ఒకటి రోజంతా నడుస్తుంది.

బాగా నడుస్తున్నదాన్ని మార్పించుకుని బాధపడటం మీ కాలం వాళ్లకే చెల్లింది. మా రోజుల్లో దిద్దడమంటే చెక్కిన పెన్సిల్, నెగెటివ్, కిటికీ దగ్గర వెలుతురు. ముఖం మీద మచ్చ తీయాలంటే సగం పూట పట్టేది. ఆ సగం పూట ఆ ముఖాన్ని చూస్తూ కూచుంటే మనిషి జన్మలో మరిచిపోడు. ఎవరని అడిగే యంత్రం మాకు అవసరం పడలేదు. నల్లటివాణ్ని తెల్లగా చేయమని అప్పుడూ అడిగేవాళ్లు, అదేం కొత్త కాదు.

మీకు ఎన్ని కొట్టినా ఫిలిం అయిపోయేది లేదు. మాకు రీలుకు ముప్పై ఆరు. పెండ్లిలో పిల్లలు, చుట్టాలు "మాదొకటి కొట్టు, మాదొకటి కొట్టు" అని మీద పడేవాళ్లు. కాదంటే అలిగేవాళ్లు. అందుకని ఉత్త ఫ్లాష్ ఇచ్చేవాళ్లం. ఫ్లాష్ మీది బటన్ నొక్కితే వెలుగు వస్తుంది, కెమెరా లోపల ఏమీ పడదు. వాళ్లకు తృప్తి, మనకు ఫిలిం మిగులు. ఈ పని చేయని ఫొటోగ్రాఫర్ మేడ్చల్ నుంచి మెదక్ దాకా లేడు.

అమ్మ ఫొటోను ఆ యంత్రంలో ఎందుకు పెట్టావు? తీసెయ్. గోడ మీద ఉన్నది గోడ మీదనే ఉండనీ. ఫ్రేమ్ కూడా మార్చకు, చెమ్మ తుడిస్తే పోతుంది.

పరమేశ్ కూతురు నా కళ్లజోడు మీద కూచుంది. ఒక కాడకు దారం కట్టి రాస్తున్నాను, వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

సిద్దయ్య


మేడ్చల్,
12 సెప్టెంబర్

చిన్నాయనా, చిన్నాయనా,

దండాలు గిండాలు తర్వాత. అమ్మ దొరికింది!

నిన్న ఎనభై ఏడో సంవత్సరం నెగెటివ్ కవర్లు స్కాన్ చేసి కంప్యూటర్‌లో వేశాను. వేసి పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తుంటే, పక్కన తెర మీద దానంతటదే ఒక చిన్న గడి తెరుచుకుంది. "ఈమె అమ్మేనా?" అని. ఒకటి కాదు, పదకొండు ఫొటోలు. కత్తెర చేతిలో ఎట్లా ఉందో అట్లాగే ఉండిపోయింది.

ఏదో పెండ్లి. కవర్ మీద నీ రాతలో "లాల్‌గడి - అంజయ్య" అని మాత్రం ఉంది. ఒకదాంట్లో పెండ్లి తంతులో పోలు దారం పట్టుకుని వంగి ఉంది. ఒకదాంట్లో భోజనాల బంతిలో ఆకులు వేస్తోంది. ఇంకోదాంట్లో ఎవరో ఏదో అన్నట్టున్నారు, పక్కకు తిరిగి పడీ పడీ నవ్వుతోంది. అమ్మకు పన్ను మీద పన్ను ఉందని నాకు ఇరవై ఆరేళ్లకు తెలిసింది చిన్నాయనా. గోడ మీద నోరు మూసుకుని ఉంటుంది, నేను ఆ నోరు తెరిస్తే ఎట్లా ఉంటుందో అని చిన్నప్పటి నుంచి అద్దం ముందు నా నోరు తెరిచి చూసుకునేదాన్ని.

పదకొండింటికీ అవును, అవును అని నొక్కుతూ పోయాను. అమ్మ పేరు పక్కన 12 అయింది. మీ అల్లుడు శేఖర్ పనిలోంచి వచ్చేసరికి నేను నవ్వుతూ ఏడుస్తున్నాను. అతను భయపడి "ఏమైందే, ఎవలు పోయిండ్రు?" అన్నాడు. పోవడం కాదు, వచ్చింది అన్నాను.

ఈ సాఫ్ట్‌వేర్‌ను తిట్టినందుకు లెంపలు వేసుకుంటున్నాను. ఫోల్డర్లు పోతే పోయాయి.

ఇప్పుడు నువ్వు నాకు చెప్పాల్సినవి: అది ఎవరి పెండ్లి? అమ్మ అక్కడికి ఎందుకు పోయింది, అంజయ్య మనకేమవుతాడు? నేనెక్కడున్నాను, ఒక్కదాంట్లోనూ చంకలో లేనేమిటి? ముక్కుకు పుడక కూడా లేదు, గోడ మీది ఫొటోలో ఉంది కదా, తర్వాత కుట్టించుకుందా? ఇన్ని ఫొటోలుండగా ఒక్కటే ఉందని ఎందుకన్నావు? మరిచిపోయి ఉంటావులే.

నవ్వుతున్నదాన్ని పెద్దది చేసి పెత్రమాసకు పెడుతున్నాను. జవాబు జల్దీ రాయి.

వినోద


శామీర్‌పేట,
17 సెప్టెంబర్

చిరంజీవి వినోదకు,

నీ ఉత్తరం చూశాను. అంత సంబరపడకు బిడ్డా. యంత్రానికి ఏం తెలుసు. బర్రెను చూసి ఎవరని అడిగిందని నువ్వే రాశావు. ఆ వయసు ఆడవాళ్లు, అదే కొప్పు, అదే బొట్టు, ఎవరైనా ఒక్క తీరుగానే కనిపిస్తారు. ఆ కొత్తది తీయించి పాతదే వేయించుకో. నీ ఫోల్డర్లు నీకు వస్తాయి.

ఇక్కడ తెలంగాణ సమ్మె జోరుగా ఉంది. బడి మూసేశారు. పరమేశ్ ఆఫీసుకు పోవడం లేదు, రోడ్డు మీద వంటావార్పు అని పెద్ద గిన్నె పట్టుకుపోయాడు. ఎల్లుండి నుంచి బస్సులు కూడా బందంటున్నారు. నువ్వు ఈ గడబిడలో ఎక్కడికీ తిరగకు.

అంజయ్య మనకేమీ కాడు. ఫొటోలు తీయించుకునే గిరాకీ. పెండ్లికి ఊరంతా వస్తుంది, ఎవరెవరో పడతారు.

ఈసారి పెత్రమాసకు ఫొటో పెట్టకు. ఆకులో అన్నం, ఆమెకు ఇష్టమైన చిక్కుడుకాయ కూర పెట్టి పేరు తలుచుకుంటే చాలు. ఫొటోలు లేని కాలంలో కూడా పెద్దలకు పెట్టుకున్నారు. నా మాట విను.

సిద్దయ్య


మేడ్చల్,
21 సెప్టెంబర్

చిన్నాయనకు,

పాతది మళ్లీ వేయడం కుదరదు. మధుసూదన్‌ను అడిగాను. ఒకసారి ఫొటోలన్నీ కొత్తదాంట్లోకి మారాక పాతదానితో తెరుచుకోవట. ఇక వెనక్కి పోయేది లేదు.

నేను తొంభయ్యో సంవత్సరం కవర్లు కూడా వేశాను. అది మళ్లీ అడిగింది, ఈమె అమ్మేనా అని. ఇంకో రెండు ఫొటోలు. అదే అంజయ్య, రెండో బిడ్డ పెండ్లి. ఆమె కొంచెం చిక్కింది. చెంప మీద ఇదివరకు లేని మచ్చ ఉంది. నీ రాతలోనే తేదీ ఉంది, మే నెల, తొంభై.

మా అమ్మ సత్తెమ్మ పోయింది ఎనభై ఎనిమిది భాద్రపదంలో. పచ్చకామెర్లతో. నాకు మీరు చెప్పింది అదే కదా.

రెండు రోజులు ఆలోచించాను. నాకు గుర్తున్నది ఒక్కటే. వాకిట్లో చాలామంది కాళ్లు, ఎవరో నన్ను ఎత్తుకుని పక్కింటికి తీసుకుపోయి బెల్లం పెట్టడం. అమ్మను పండబెట్టింది నేను చూడలేదు. తీసుకుపోవడం చూడలేదు. బాపు ఆమె గురించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. నేను అడిగితే లేచి పోయేవాడు. దుఃఖం అనుకున్నాను. అది దుఃఖమా, సిగ్గా చిన్నాయనా? ఆమె పోలేదు. వెళ్లిపోయింది. లేకపోతే మీ అన్నదమ్ములిద్దరూ వెళ్లగొట్టారు. చచ్చిందని దండ వేసి, పిల్లతో మొక్కించారు. ఫొటో పెట్టొద్దని నువ్వెందుకు రాశావో నాకిప్పుడు అర్థమైంది. బతికున్న మనిషికి పిండం పెడుతున్నామని నీకు భయం.

బాపు పోయాక నాకు ఇల్లు, విద్య, ఈ స్టూడియో అన్నీ నువ్వే. నిన్ను ఇట్లా అడగాల్సి వస్తుందనుకోలేదు. నిజం రాయి. సోమవారం లోపల నీ జవాబు రాకపోతే శేఖర్‌ను తీసుకుని లాల్‌గడి పోతాను. బండి మీద పోతాను, బస్సులు లేకపోతే లేకపోయాయి.

వినోద


శామీర్‌పేట,
24 సెప్టెంబర్

బిడ్డా వినోదా,

మీ అమ్మ చచ్చిపోయింది. ఈ చేతులతోనే పాడె కట్టె పట్టాను. దాంట్లో అబద్ధం లేదు. మీ బాపు మీద ఏ మచ్చా వేయకు. అబద్ధం ఫొటోలో ఉంది. అది నేను చేసింది.

గోడ మీద ఉన్నది మీ అమ్మ కాదు.

ఇది రాయడానికి పొద్దుటి నుంచి మూడు కాగితాలు చింపాను. వరసగా చెబుతాను విను. నేను కెమెరా కొన్నప్పటి నుంచి మా వదినకు ఫొటో దిగాలని కోరిక. ఆమె పెండ్లికి ఫొటోలు లేవు, అప్పటికి మా ఇండ్లలో ఎవరికీ లేవు. పండగకో పబ్బానికో నేను కెమెరా మెడలో వేసుకుని వస్తే, చేతులు కడుక్కుని కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడేది. "సిద్దయ్యా, మాదొకటి కొట్టు" అనేది. నేను ఉత్త ఫ్లాష్ కొట్టేవాణ్ని. ఇంటి మనిషే కదా, ఎప్పుడైనా తీయవచ్చు, గిరాకీ ఫిలిం ఎందుకు పాడుచేయడం అని. "ఎప్పుడిస్తవు?" అంటే "కడిగినంక ఇస్త వదినా" అనేవాణ్ని. అట్లా నాలుగుసార్లో ఐదుసార్లో.

ఆఖరుసారి బోనాలప్పుడు. నీకు కొత్త గౌను వేసి చంకలో ఎత్తుకుంది. నీ గదవ పట్టుకుని నా వైపు తిప్పి, "పోరి సక్కగ రానీ, నేను రాకున్నా మంచిదే" అంది. అప్పుడు కెమెరాలో మూడు ఫిలింలు మిగిలి ఉన్నాయి. మూడు. మర్నాడు లాల్‌గడి అంజయ్య కొత్తగా కొన్న బర్రెకు ఫొటో తీయమన్నాడని దాచుకున్నాను. మీ అమ్మకు ఉత్త వెలుగు ఇచ్చి, మర్నాడు బర్రెకు ఫిలిం ఇచ్చాను. నువ్వు చూసి నవ్విన బర్రె అదే.

నెలన్నరకు ఆమె పోయింది. పెద్దదినం కర్మకు పెట్టాలని మీ బాపు నా దగ్గరికి వచ్చి, "గన్నిసార్లు కొట్టినవ్ గద తమ్మీ, మంచిదొకటి పెద్దగ జేసి తే" అన్నాడు. మా అన్న ముఖం చూసి కాదనలేకపోయాను. సరే అన్నాను. ఉన్న నెగెటివ్‌లన్నీ తిరగేశాను, ఎక్కడో ఒక మూలన పడి ఉండదా అని. లేదు. అంజయ్య బిడ్డ పెండ్లిలో ఈడుకు ఈడు, నుదురు కొంచెం కలిసే ఒక ఆడమనిషి కనపడింది. ఎవరో కూడా తెలియదు. ఆమె ముఖం ఒక్కటి పెద్దది చేసి, వెనక అంతా తెలుపు వేసి, బ్రష్షుతో కొప్పు దిద్ది, ముక్కుపుడక గీశాను.

మీ బాపు ఆ ఫొటోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "పిల్లకు ఒక ముఖం గావాలె. ఇగ గిదే ఉండనీ. కాదని దానికి ఎన్నడు జెప్పకు" అన్నాడు. తనే మేకు కొట్టి తగిలించాడు. చచ్చేదాకా మళ్లీ స్టూడియో మెట్టు ఎక్కలేదు. అడిగితే లేచి పోయేవాడంటివి కదా, నీ ముందు ఆ ఫొటోను అమ్మ అనడం అతని వల్ల కాలేదు.

ఆమె బతికే ఉండవచ్చు. నాకు తెలియదు. లాల్‌గడి పోవద్దు తల్లీ, నీకు దండం పెడతాను. బస్సులు లేక తపాలా ఎట్లా పోతుందో ఏమో, ఈ ఉత్తరం సోమవారానికి నీకు చేరాలని మొక్కుకుంటున్నాను.

సిద్దయ్య


మేడ్చల్,
28 సెప్టెంబర్

చిన్నాయనకు,

నీ ఉత్తరం నిన్న, పెత్రమాస నాడు, అన్నం వండుతుండగా వచ్చింది. నేను సోమవారమే పోయివచ్చాను. మీ ఇంటి ముందు నుంచే పోయాం. నువ్వు అరుగు మీద కూచుని ఏదో పేపర్ చదువుతున్నావు. బండి చప్పుడు నీకు వినపడదు కదా. ఆపమని నేను శేఖర్‌కు చెప్పలేదు.

గోడ మీది ఫొటోను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుపోయాను. అంజయ్య ముసలివాడయ్యాడు. ఫొటో చూడగానే "గిది మా పక్కింటి దుర్గాబాయి గాదు?" అన్నాడు. పేరు మార్చుకుని బతుకుతోంది అనుకున్నాను. నా బుద్ధి అట్లా పనిచేసింది.

ఆమె వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది. తల నెరిసింది. చెంప మీద అదే మచ్చ. నేను పోయి కాళ్ల మీద పడి అమ్మా అన్నాను చిన్నాయనా. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి నిలబడ్డారు. ఆమె నా తల నిమురుతూ "ఎవలింటి పిల్లవు బిడ్డా? ఏమైంది నీకు?" అని అడుగుతోంది. ఆ మాటకే నాకు సగం తెలిసిపోయింది. తల్లి అట్లా అడగదు.

తువ్వాల విప్పి చూపించాను. అద్దం మీద బొట్టు, అంచున ఎండిన దండ దారం అట్లాగే ఉన్నాయి. తుడవాలని కూడా తోచలేదు నాకు. ఆమె ఫొటోను దగ్గరికి తీసుకుంది.

"గిది నేనే గద. నాకెందుకు దండ ఏసిండ్రు?" అంది.

అమ్మ అనుకుని మొక్కుతున్నామని చెప్పాను.

"ఎన్నేండ్ల సంది?" అంది. ఇరవై మూడేళ్ల నుంచి అన్నాను. ఆమె కోడలు గట్టిగా అరవడం మొదలుపెట్టింది. పెండ్లయిన మనిషికి దండ వేసి పెద్దల్లో కలిపారు, ఎనభై తొమ్మిదిలో మా మామ ఊరికే పోయాడా అని. దుర్గాబాయి ఆమెను ఊరుకోమంది. కొంగుతో అద్దం మీది బొట్టు తుడిచింది. దారం తెంపింది. ఫొటోను లోపలికి తీసుకుపోయి వచ్చి మాకు చాయ్ ఇచ్చింది. నేను తాగలేకపోయాను. శేఖర్ రెండూ తాగాడు.

వచ్చేటప్పుడు బండి దాకా వచ్చి, "గా ముక్కుపుడక నాది గాదు బిడ్డా. నేనెన్నడు ముక్కు కుట్టించుకోలే. గది మీ అమ్మదైతది" అంది.

నిన్న గోడ మీద ఉత్త మేకు ముందు ఆకు వేశాను. చిక్కుడుకాయ కూర వండాను. అమ్మా, వచ్చి తిను అని పిలుద్దామని కళ్లు మూసుకుంటే దుర్గాబాయి వచ్చింది. ఎంత ప్రయత్నించినా ఆమే వస్తోంది. నాకు తలుచుకోవడానికి అమ్మ లేకుండా చేశావు. అబద్ధం ఆడినందుకు కాదు నా కోపం. ఆ మూడు ఫిలింలలో ఒక్కటి. ఒక్కటి ఇవ్వలేకపోయావా?

బాపు లేడు. ఆమెను చూసినవాళ్లలో మన ఇంట్లో మిగిలింది నువ్వు. ఎట్లా ఉండేదో రాయి. ముఖమంతా రాయి.

వినోద


శామీర్‌పేట,
4 అక్టోబర్

బిడ్డా,

నువ్వు అడిగింది ఆరు రోజులుగా రాయాలని చూస్తున్నాను. ఈ రోజు సద్దుల బతుకమ్మ. వీధిలో ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. నాకు చేతులు కదలడం కనపడుతుంది, పాట వినపడదు. మీ అమ్మ సంగతి కూడా నాకు ఇప్పుడు ఇట్లాగే ఉంది.

మా తలుపు పై గొళ్లెం దాకా వచ్చేది ఎత్తు. ఎడమ చేతి మణికట్టు మీద కాలిన మచ్చ, గంజి వంపుతుంటే పడింది. నడిస్తే మడమలు గట్టిగా ఆనేవి, వస్తుంటే తెలిసిపోయేది. కోపం వస్తే మాట్లాడకుండా గిన్నెలు తోమేది. ఫ్లాష్ కొట్టగానే ప్రతిసారీ కళ్లు మూసుకునేది, మూసుకున్న సంగతి తెలిసి నాలుక కరుచుకునేది. నేను నిజంగా తీసి ఉంటే కూడా కళ్లు మూసుకున్న ఫొటోలే వచ్చేవి. అవైనా ఉండేవి.

ముఖం రాయలేను వినోదా. రావడం లేదు. సగం పూట చూస్తే జన్మలో మరిచిపోనని నీకు గొప్పగా రాశాను. ఆమె ఫొటో కోసమని నేను తొమ్మిది రోజులు దుర్గాబాయి ముఖాన్ని దిద్దుతూ కూచున్నాను. ఆ తర్వాత ఇరవై మూడేళ్లు అదే గోడ మీద చూశాను. ఇప్పుడు నేను కళ్లు మూసుకున్నా దుర్గాబాయే వస్తుంది. మా వదిన ముఖం మీద నేనే ఇంకో ముఖం వేశాను. నీలో ఆమె ఉందేమోనని నిన్ను తలుచుకుని చూశాను, నిన్ను పెంచిన కళ్లకు నువ్వే కనపడుతున్నావు.

ముక్కుపుడక మాత్రం నిజం. అది చూసి గీసింది కాదు, గుర్తుండి గీసింది. మూడు చిన్న రేకులు, మధ్యలో ఎర్రరాయి. కుడి వైపు. అంతే, ఇంకేమీ నా దగ్గర లేదు.

దుర్గాబాయి కాళ్లు పట్టుకోవాలని ఉంది. బస్సులు నడవనీ.

సిద్దయ్య


మేడ్చల్,
14 అక్టోబర్

చిన్నాయనా,

దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి రాలేదని బాధపడ్డావని పరమేశ్ శేఖర్‌కు చెప్పాడట. రావాలనిపించలేదు. నిజమే రాస్తున్నాను.

మొన్న దుర్గాబాయి స్టూడియోకు వచ్చింది. బస్సులు లేవు కదా, రెండు షేర్ ఆటోలు మారి వచ్చింది. ఆ ఫొటో గురించే మళ్లీ గొడవేమో అని భయపడ్డాను. ఆమె కుర్చీలో కూచుని, "నా పడుసుతనంల ఫొటో మా ఇంట్ల ఒక్కటి లేకుండె. నీ పుణ్యాన దొరికింది. ఇగ గిప్పటిది ఒకటి మంచిగ దియ్యి. రేపు నాకేమన్న అయితె గిది పెట్టుమని జెప్పిన, గది గాదు" అంది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక లైట్లు సర్దుతూ చాలాసేపు గడిపాను. ఆరు తీశాను. పన్ను మీద పన్ను అట్లాగే ఉంది.

ఆమె పక్కన నిలబడి చూస్తుండగానే కంప్యూటర్‌లో వేశాను. కాసేపు తిరిగింది. గడి తెరుచుకుంది. ఈమె అమ్మేనా అని.

ఆమెకు ఇంగ్లిష్ రాదు. "ఏమంటాంది?" అని అడిగింది. పేరు అడుగుతోంది అన్నాను. కాదు అని నొక్కాను. దుర్గాబాయి అని కొట్టాను. ఆ తర్వాత కూచుని వెనకటి పదమూడింటినీ ఒక్కొక్కటే కాదు, కాదు అని నొక్కుతూ పోయాను. చివరికి గోడ మీది ఫొటో కూడా. ఇప్పుడు అమ్మ పేరు పక్కన సున్నా ఉంది. ఫొటోలు లేని పేరు తీసేయమంటారా అని అది అడిగింది. తీయలేదు.

ముక్కు కుట్టించుకున్నాను, కుడి వైపు. కంసాలికి నువ్వు రాసిన ఉత్తరం చూపించి మూడు రేకులు చేయించాను. ఇంకా వాచి ఉంది, నీళ్లు తగిలితే మండుతోంది.

బస్సులు మొదలైన రోజున వస్తాను. నీ పాత ఫ్లాష్ ఇక్కడ బీరువాలోనే ఉంది. బ్యాటరీలు మార్చాను, పనిచేస్తోంది. తీసుకొస్తాను. మీ గుమ్మంలో నిలబడతాను, నువ్వు అమ్మకు కొట్టినట్టే నాకు ఒకటి కొట్టు. ఫిలిం వద్దు, కెమెరా వద్దు. నేను కళ్లు మూసుకుంటానో లేదో నువ్వు చూసి చెప్పు.

వినోద